కేకు మీద యువరాజ్ పేరు

మద్రాసు చూలైలో ఆ వీధి వాసనే వేరు. ఒక పక్క లేత్ మిషన్ల నూనె, ఒక పక్క ఇత్తడి పోత పోసే బట్టీల పొగ, మధ్యలో ఎవరింట్లోనో వేగుతున్న మిరపకాయల ఘాటు. కానీ గోపాలస్వామి ఇంటి ముందుకొచ్చేసరికి ఎవరికైనా నోట్లో నీళ్లూరేవి. ఆ ఇంటి మిద్దె మీద నుంచి వెనిల్లా వాసన కిందికి దిగివచ్చేది. మిద్దె మీద ఉండేది ఆయన చెల్లెలు కన్యక. నలభై ఒక్కేళ్ల మనిషి. పెళ్లి కాలేదు. కేకులు చేసి అమ్మేది.

ఆ విద్య ఆమెకు వేపేరిలో ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ దగ్గర అబ్బింది. ఆవిడ కోడిగుడ్లతో నేర్పింది. కన్యక ఇంట్లో కోడిగుడ్డు అన్న మాట పైకి అంటేనే వాళ్లమ్మ దేవుడి గది తలుపు మూసేసేది. అందుకని గుడ్డుకు బదులు పెరుగు వేసి, కండెన్స్‌డ్ మిల్క్ వేసి, సోడా పాళ్లు మార్చి మార్చి, ఆరునెలల పాటు ఇటుకల్లాంటి కేకులు చేసి కాకులకు పెట్టింది. కాకులు కూడా మొదట్లో మొహం తిప్పుకున్నాయి. చివరికి కుదిరింది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి, షావుకార్‌పేట నుంచి పురసవాక్కం దాకా గుడ్డు ముట్టని ఇళ్లన్నిట్లో పుట్టినరోజంటే కన్యక కేకే అన్నట్టయింది.

తొంభై ఆరో సంవత్సరం నుంచి ఆమెకు ఒక కొత్త పండగ తోడయింది. ఫిబ్రవరి పద్నాలుగు. అంతకుముందు ఆ తేదీకి చూలైలో ఏ ప్రత్యేకతా లేదు. ఉన్నట్టుండి కార్డుల షాపుల్లో ఎర్ర హృదయాలు వేలాడాయి, టీవీలో పాటల ప్రోగ్రాములు మొదలయ్యాయి, కాలేజీ పిల్లలు మిద్దె మెట్లెక్కి వచ్చి, "ఆంటీ, హార్ట్ షేప్‌లో చేస్తారా?" అని గుసగుసగా అడగడం మొదలైంది. ఆ ఆకారం అచ్చు కన్యక దగ్గర లేదు. ఆమె ఒక చదరపు కేకు, ఒక గుండ్రటి కేకు చేసేది. చదరపు దాన్ని మూల కిందికి వచ్చేలా తిప్పి పెట్టి, గుండ్రటి దాన్ని సగానికి కోసి, ఆ రెండు సగాలను పై రెండు వైపులా అతికించేది. పైన గులాబీ రంగు క్రీము పూస్తే అతుకు ఎక్కడుందో చేసిన మనిషికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు.

ఆ పండగతో కన్యకకు ఏ పేచీ లేదు. చేతినిండా పని ఉండేది, పని అయ్యాక తనకంటూ ఒక సాయంత్రం మిగిలేది. ఆమెకు ఇబ్బందల్లా ఇంట్లోవాళ్లతోనే. వాళ్లు చెడ్డవాళ్లు కాబట్టి కాదు, మరీ మంచివాళ్లు కాబట్టి.

ఆ వారమంతా కన్యక హాల్లోకి అడుగుపెడితే వదిన రాజలక్ష్మి టీవీ ఆపేసేది. పేపర్లో ప్రేమికుల రోజు గురించి వచ్చిన పేజీని అన్నయ్య మడిచి పరుపు కింద పెట్టేవాడు. కాలేజీ చదివే మేనకోడలు ప్రీతి, "బెస్ట్ అత్త ఇన్ ది వరల్డ్" అని ఒక కార్డు కొని తెచ్చి, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని మరీ చేతిలో పెట్టేది. ఆ రోజు వంటింట్లో కన్యకకు ఇష్టమైనవే వండేవారు. అందరూ మెల్లగా మాట్లాడేవారు. రోగి ఉన్న ఇల్లులా ఉండేది. రోగం ఎవరికో కన్యకకు అర్థమయ్యేది కాదు.

తొంభై తొమ్మిదిలో ఆ రోజు ఆదివారం వచ్చింది. దానికి నాలుగు రోజుల ముందు ఫోన్ మోగితే కన్యకే ఎత్తింది. అవతల ఒక ఆడపిల్ల గొంతు.

"ఆంటీ, నా పేరు సంయుక్త. పురసవాక్కం నుంచి మాట్లాడతా ఉండా. మా మమ్మీ డాడీకి సర్‌ప్రైజ్‌గా హార్ట్ కేక్ కావాల. వాళ్లది లవ్ మ్యారేజ్ ఆంటీ! ఆ కాలంలోనే!"

"అట్లనా! పేర్లు చెప్పమ్మా, పైన రాయాల గదా."

"యువరాజ్, భువనేశ్వరి."

కన్యక పెన్సిల్ ఆగింది.

"మీ నాయన ఏం చేస్తా ఉంటారు?"

"హార్బర్ దగ్గర క్లియరింగ్ ఏజెంట్ ఆంటీ. తెలుసా మీకు?"

"పేరు విన్నట్టుండాది," అంది కన్యక. "ఆదివారం సాయంత్రానికి పంపిస్తాలే."

ఇరవై ఏళ్ల కిందట ఆ యువరాజ్‌కే కన్యకను ఇచ్చి చేయాలని తాంబూలాలు మార్చుకున్నారు. పది రోజులు తిరక్కుండానే అతను ఒక్కడే ఇంటికి వచ్చి, వసారాలో నిలబడి, తన మనసులో ఇంకొక అమ్మాయి ఉందనీ, పెద్దవాళ్లకు భయపడి నోరు మెదపలేదనీ, ఇప్పుడు చెప్పకపోతే ముగ్గురి బతుకులూ పాడవుతాయనీ చెప్పి తల వంచుకున్నాడు. కన్యక నాన్న చెయ్యెత్తాడు. గోపాలస్వామి ఆపాడు. తర్వాత సంబంధాలు రాకపోలేదు. ఒకటి జాతకాల దగ్గర ఆగింది, ఒకటి నాన్న పక్షవాతం దగ్గర ఆగింది, ఒకటి ఎందుకాగిందో ఎవరికీ గుర్తులేదు. నాన్న మంచం పట్టిన ఏడేళ్లూ ఆయన్ను కనిపెట్టుకుని ఉన్నది కన్యకే. ఆయన పోయి, ఆమె తల ఎత్తి చూసేసరికి ముప్పై రెండు నిండాయి.

ఫోన్ పెట్టేసి, గుండె ఝల్లుమంటుందేమోనని కన్యక ఒక్క క్షణం ఎదురుచూసింది. ఏమీ కాలేదు. భువనేశ్వరి అన్న పేరు చాలా పొడుగు, యువరాజ్ పక్కన ఒకే వరసలో పట్టదు, రెండు వరసలు చెయ్యాలి అనుకుంటూ మెట్లెక్కింది.

ఆదివారం మధ్యాహ్నానికి మిద్దె గదిలో కేకులు వరసగా అట్టపెట్టెల్లో కూర్చున్నాయి. కన్యక మిగిలిన ఆఖరి కేకు మీద పేర్లు రాస్తోంది. క్రీము నింపిన కాగితం పొట్లాన్ని వేళ్లతో ఒత్తుతూ, ఊపిరి బిగబట్టి, 'వ' తలకట్టు దగ్గర ఉంది. రాజలక్ష్మి కాఫీ గ్లాసుతో పైకి వచ్చింది. వచ్చి, కేకు వైపు చూసింది.

"ఎవరు ఈ యువరాజు?"

"ఆ యువరాజే వదినా."

రాజలక్ష్మి కాఫీ గ్లాసు కింద పెట్టి, తాను కూడా అక్కడే గచ్చు మీద కూర్చుండిపోయింది.

"నీకు బుద్ధుండాదా? ఆ మనిషికి నువ్వు చేతులారా కేకు చేసి, వాని పెండ్లాం పేరు నువ్వే రాసి... వద్దు. ఆ పిల్లకు ఫోన్ చేసి కరెంటు లేదని చెప్పేస్తా."

"మాటిచ్చినా గదా. పిల్ల ఆశపడి అడిగింది."

"ఆ పిల్ల సంగతి సరే, నీ సంగతేంది?"

"నా సంగతికేం వదినా? ఈ ర అక్షరానికి గుడి సరిగ్గా వచ్చిందా చూడు."

రాజలక్ష్మి చూడలేదు. కొంగుతో మూతి మూసుకుని గబగబా కిందికి దిగిపోయింది. అయిదు నిమిషాల్లో కింద గుసగుసలు మొదలయ్యాయి. అన్నయ్య గొంతు, ప్రీతి గొంతు. కాసేపటికి ప్రీతి పైకి వచ్చింది. మిగతా కేకులన్నీ ఆటోలో ఇచ్చి రావడం ఆ పిల్ల పని.

"అత్తా, అన్నీ ఇచ్చేసి వస్తా. కానీ ఆ ఇంటికి మాత్రం నేను పోను. సత్యంగా పోను. నువ్వెట్లా టాలరేట్ చేస్తా ఉండావో నాకు తెలీదు."

"నువ్వు పోవద్దులేవే. దాన్ని నేనే తీసుకపోతా. రెండు అతుకుల కేకు, ఆటోలో ఎగిరితే మూడు ముక్కలైపోతది."

అది నిజమే. కానీ అదొక్కటే కారణం కాదని కన్యకకు తెలుసు. చూడాలని ఉంది. ఏం చూడాలో తెలియదు గాని, చూడాలని ఉంది. సాయంత్రం స్నానం చేసి, మెంతి రంగు నూలు చీర కట్టుకుని, పెట్టెను రెండు చేతుల్లో పసిబిడ్డలా పట్టుకుని బయల్దేరింది. గడప దాటుతుంటే అన్నయ్య ఏదో అనబోయి, "జాగ్రత్తగా పోయి రా," అని మాత్రం అన్నాడు.

పురసవాక్కంలో గుడి వెనక వీధి. మొదటి అంతస్తు. తలుపు తీసిన పిల్లే సంయుక్త. చేత్తో నోరు మూసుకుని ఎగిరి గంతేసి, "మమ్మీ! డాడీ! ఇక్కడికి రండి!" అని కేక పెట్టింది.

వంటింట్లోంచి వచ్చినావిడ చేతికి శనగపిండి అంటుకుని ఉంది. బొద్దుగా, నవ్వు మొహం. ఆవిడ వెనకాల బనీను మీద తువ్వాలు కప్పుకుంటూ ఒకాయన వచ్చాడు. ముందు భాగంలో జుట్టు ఊడిపోయింది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఉన్నాయి.

"నా కళ్లద్దాలు చూసినావా భువనా?"

"నెత్తిన పెట్టుకోని నన్నడుగుతారే!"

కన్యకకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్లలో ఎప్పుడైనా, ఏ పెళ్లిలోనో భోజనాల బంతిలో కూర్చున్నప్పుడో, వాన పడుతున్న మధ్యాహ్నం ఊరికే పడుకున్నప్పుడో, ఒక సన్నటి కుర్రాడు వసారాలో తల వంచుకుని నిలబడి ఆమె మనసులోకి వచ్చేవాడు. ఆ కుర్రాడు ఈ ఇంట్లో లేడు. ఈయనెవరో వేరే.

ఆయన కళ్లద్దాలు కిందికి లాక్కుని ఆమెను చూశాడు. తువ్వాలు సర్దుకుంటున్న చెయ్యి ఆగిపోయింది.

"మీరు... కన్యక గారా?"

"అవునండీ. దీన్ని ఇట్లనే పట్టుకోండి, వాల్చొద్దు. ఫ్రిజ్జులో పెట్టండి, లేదంటే క్రీము జారిపోతది."

ఆయన పెట్టె అందుకుని, ఫ్రిజ్జు ఎటువైపుందో మరిచిపోయినవాడిలా అక్కడే తిరిగాడు. భువనేశ్వరికి సంగతి తెలిసిందో లేదో గాని, కన్యక మోచెయ్యి పట్టుకుని, "కాఫీ తాగకుండా పోకూడదు," అని కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చింది. వేడి వేడి బజ్జీలు రెండు పెట్టింది. సంయుక్త అమ్మానాన్నల చేత కేకు కోయించి, మొదటి ముక్క తినిపించమని పట్టుబట్టింది. పెళ్లాం నోట్లో ముక్క పెట్టడానికి ఆయన సిగ్గుపడి, సగం ఆవిడ గడ్డానికి పూశాడు. అందరూ నవ్వారు. కన్యకా నవ్వింది.

లేచి మెట్లు దిగుతుంటే యువరాజ్ వెనకే వచ్చాడు.

"ఆ రోజు నేను... మీ ఇంట్లోవాళ్లందరినీ..."

"ముందే చెప్పినారు గదా మీరు," అంది కన్యక, మెట్టు మీద ఆగి. "తాళి కట్టినాక చెప్పుంటే నేనేం చేసేదాన్ని? మీరు చేసింది మంచి పనే. ఆ మాట చెప్పేదానికి నాకూ ఇన్నాళ్లు సందు దొరకలేదు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆమె వీధిలోకి వచ్చింది.

ఇక ఇంటికి వెళ్లాలంటే ఎడమకు తిరగాలి. కన్యక కుడికి తిరిగింది. ప్రతి ఏడూ ఈ పండగ పని అయ్యాక ఆమె హైరోడ్డు మీది శాకాహార హోటలుకు వెళ్లేది. ఫ్యామిలీ రూమ్‌లో గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని, రవాదోసె తిని, ఫ్రూట్ సలాడ్ తిని, కాఫీ తాగి, నిదానంగా నడుచుకుంటూ ఇంటికి వచ్చేది. ఎవరికీ చెప్పేది కాదు. చెప్పకూడని పని అని కాదు. ఆ గంటసేపు ఎవరూ తనను చూసి జాలిపడరు, అంతే.

ఆ ఏడు హోటలు గుమ్మానికి గులాబీ రంగు కాగితపు తోరణాలు కట్టి ఉన్నాయి. లోపల ఒక్కో బల్ల మీద ఒక్కో గాజు గ్లాసులో ఒక్కో గులాబీ. ప్రతి బల్లకూ ఒక జంట. తలుపు దగ్గర సర్వర్ ఆమెను ఆపాడు.

"ఎత్తనె పేరమ్మా?" ఎంతమంది అని అడిగాడు.

ఒక్కదాన్నే అని వేలు చూపించింది.

ఇవాళ ఫ్యామిలీ రూమ్ జంటలకు మాత్రమేనని, ఒక్కరైతే బయట మగవాళ్లు నిలబడి తినే చోట తినొచ్చునని, అతను కొంచెం మొహమాటంగానే తమిళంలో చెప్పాడు. కన్యక లోపలికి చూసింది. తన గోడ పక్క బల్ల దగ్గర ఒక కుర్రాడు, ఒక పిల్ల చేతులు పట్టుకుని కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఐస్‌క్రీమ్ కరిగి నీరవుతోంది. అప్పుడు మాత్రం ఆమెకు ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. యువరాజ్ ఇంట్లో గుచ్చుకోనిది ఇక్కడ గుచ్చుకుంది. మనిషి లేడని కాదు, బల్ల లేదని.

సరేలే అని వెనక్కి తిరిగేసరికి, హోటలు ముందు ఒక సైకిల్ రిక్షా వచ్చి ఆగింది. అందులోంచి రాజలక్ష్మి దిగింది. ఇంట్లో కట్టే చీర. జడ సగం ఊడిపోయింది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ప్రీతి చెప్పు.

"వదినా! ఈడికెట్లా వచ్చినావు?"

రాజలక్ష్మి కన్యక భుజాలు పట్టుకుని పైనుంచి కింది దాకా చూసింది. రిక్షా తొక్కిన ముసలాయన గోవిందస్వామి చెమట తుడుచుకుంటూ, "ఆ వీధిలో అరగంట నిలబెట్టినారమ్మా నన్ను. మీరు బయటికొచ్చి ఇంటి పక్కకు కాకుండా ఇట్లా తిరిగితే, పో పో, వదలొద్దు అని ఒకటే తొందర," అన్నాడు.

"నేనేమనుకుంటిని తెలుసునా?" అంది రాజలక్ష్మి. "ఆ ఇంటినుంచి వచ్చినావు. ఒక్కదానివే ఎటో పోతా ఉండావు. బస్సెక్కి సముద్రం పక్కకు పోతావేమో, ఏమన్నా చేసుకుంటావేమో అని... దేవుడా దేవుడా అంటా వచ్చినా."

"రవాదోసెకు వచ్చినా వదినా."

"ఏంది?"

"రవాదోసె తినేదానికి వచ్చినా. ప్రతి ఏడూ వస్తా. ఈసారి ఒక్కదానికి బల్ల ఇవ్వరంట."

రాజలక్ష్మి మొహంలో ఏడుపు వస్తుందో నవ్వు వస్తుందో తేలక, రెండూ ఒకేసారి వచ్చాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని, జడ ముడి వేసుకుని, సర్వర్ వైపు నడిచింది.

"ఇద్దరం," అంది రెండు వేళ్లు చూపించి.

సర్వర్ ఇద్దరు నడివయసు ఆడవాళ్లనూ మార్చి మార్చి చూశాడు. జంటలకు అని మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇద్దరుంటే జంట గాక గుంపా? ఇరవై నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉండాం. మీ లోపల కూచోనుండే వాళ్లలో ఎవరన్నా ఉండారా అన్నేండ్లు కలిసి?"

కౌంటర్లో ఉన్న పెద్దాయనకు తెలుగు వచ్చు. ఆయన పకపకా నవ్వి, లోపలికి పంపించమని సైగ చేశాడు. కిటికీ దగ్గర ఒక బల్ల దొరికింది. గ్లాసులో గులాబీతో సహా.

రాజలక్ష్మి కూర్చుని అటూ ఇటూ చూసింది. గొంతు తగ్గించి, "ఆ పిల్లోడు ఆ పిల్లకు చెంచాతో పెడతా ఉండాడు చూడు. చేతులు బాగానే ఉండాయి గదా దానికి," అంది.

"వదినా, మెల్లగా."

సర్వర్ వచ్చి ఏం కావాలన్నాడు. రాజలక్ష్మి కన్యక వైపు చూసింది. "నువ్వే చెప్పు."

"నీకేం కావాలో నువ్వు చెప్పు."

రాజలక్ష్మికి ఏం చెప్పాలో తోచలేదు. పెళ్లయినప్పటినుంచి హోటలుకు వెళ్లింది నాలుగైదు సార్లు. కాంచీపురం పోతే ఒకసారి, తిరుత్తణి పోతే ఒకసారి. వెళ్లినప్పుడల్లా గోపాలస్వామి కూర్చోకముందే, "అందరికీ ఇడ్లీ," అనేవాడు. చెడ్డవాడు కాదు. కడుపుకు తేలిక అని. ఆమె మెనూ కార్డు చేతిలోకి తీసుకుని, పైనుంచి కిందికి, కిందినుంచి పైకి రెండుసార్లు చదివింది. సర్వర్ ఒంటికాలి మీద నిలబడ్డాడు. చివరికి పక్క బల్ల మీద బంతిలా పొంగి ఉన్న దాన్ని చూపించి, "అదేంది?" అంది.

"చెన్నా బటూరా," అంది కన్యక.

"అదే తెప్పించు."

అది వచ్చాక దాన్ని ఎక్కడ పొడవాలో తెలియక ఇద్దరూ నవ్వారు. రాజలక్ష్మి వేలితో పొడిచింది. ఆవిరి బుస్సుమని వచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆమె కళ్లు మూసుకుంది. సగం తిన్నాక చెయ్యి ఆపింది.

"నిజం చెప్పు కన్యకా. ఆయన్ని చూస్తే నీకేమీ అనిపించలేదా?"

కన్యక దోసె ముక్క తుంచింది.

"ఎప్పుడూ బాధ లేదంటే అబద్ధం వదినా. ముప్పై, ముప్పై రెండు దాకా శానా ఉండె. ప్రీతి పుట్టినప్పుడు దాన్ని ఎత్తుకోని మిద్దె మీదికి పోయి ఏడ్చినా ఒకసారి. నీకు తెలీదు. అది జొరం మాదిరి. ఉన్నన్నాళ్లు ఉండింది. ఒకరోజు లేచి చూస్తే లేదు. ఎప్పుడు తగ్గిందో నాకే తెలీదు."

"మాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు. మీరే అనుకోని, మీరే బాధపడతా ఉండారు. ఒకటి చెప్తా, తప్పుగా అనుకోవద్దు. నేనొస్తానే టీవీ ఆపొద్దు. నాకా పాటలు ఇష్టం. మీరు ఆపేసినాక పక్కింటి గోడకు చెవి పెట్టి వింటా ఉండా."

రాజలక్ష్మి ఉలిక్కిపడి, తర్వాత పగలబడి నవ్వింది. పక్క బల్ల కుర్రాడు తల తిప్పి చూశాడు. నవ్వి నవ్వి ఆగి, గ్లాసులోని గులాబీ రెక్కను వేలితో తాకుతూ మెల్లగా అంది.

"నేను నిన్ను చూసి ఒక్క జాలే పడినా అనుకోవద్దు. పొద్దున్నే నువ్వు మిద్దె మీదికి పోయి తలుపేసుకోని, రేడియో పెట్టుకోని పని చేసుకుంటా ఉంటావే, అది వినిపించినప్పుడల్లా నాకు ఒకరకంగా ఉండేది. నా వంటింటికి తలుపే లేదు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతానే ఉంటారు. మీ అన్న మీద కోపం కాదు. బంగారం లాంటి మనిషి. నాకు జొరం వస్తే రాత్రంతా కూచుంటాడు. కానీ నీకేం కావాల రాజీ అని ఒక్కనాడూ అడగలేదు. ఆయనకు తోచదు. నేనూ చెప్పలేదు. కావాలంటే ఏం కావాలో నాకే తెలీదు గదా. ఇప్పుడు చూస్తివే, ఒక టిఫిన్ చెప్పేదానికి ఎంతసేపు పట్టిందో."

కన్యక ఈ మాటలు ఎప్పుడూ వినలేదు. వదినంటే ఆమెకు నిండు కుండ. అన్నీ ఉన్న మనిషి. ఆ కుండ కూడా అప్పుడప్పుడు మూత తీసి చూసుకోవాలనుకుంటుందని ఆమెకు తట్టలేదు. తాను కూడా అడగలేదు మరి. బల్ల మీదుగా చెయ్యి చాచి వదిన చేతి మీద వేసింది. సరిగ్గా అప్పుడే వచ్చిన సర్వర్ ఇద్దరినీ చూసి, ఏమనాలో తెలియక, "స్వీట్?" అన్నాడు.

"నాకు ఫ్రూట్ సలాడ్," అంది రాజలక్ష్మి తడుముకోకుండా.

బయటికి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి. హైరోడ్డు మీద చీరల షాపుల ముందు జనం. గోవిందస్వామి రిక్షా అక్కడే ఉంది. రాజలక్ష్మి నడుద్దామంది. చెప్పులు జత కాలేదు కదా అంటే, రెండూ విప్పి చేత్తో పట్టుకుంది. గోవిందస్వామికి ఇవ్వాల్సింది ఇచ్చి పంపించి, ఇద్దరూ గాజుల బండ్ల పక్కన, వేరుశనగకాయల పొగ మధ్యన చూలై వైపు నడిచారు. దారిలో ఒక గులాబీలమ్మే కుర్రాడు వెంటపడితే, జాజిపూలుంటే ఇవ్వమంది రాజలక్ష్మి. అతని దగ్గర లేవు.

ఇంటి గడప మీద గోపాలస్వామి నిలబడి ఉన్నాడు. వీధి చివరిదాకా రెండుసార్లు వెళ్లి వచ్చినట్టు చొక్కా వీపుకు అంటుకుని ఉంది. వెనకాల ప్రీతి.

"ఏడికి పోయినారు ఇద్దరూ?"

"హోటలుకు," అంది రాజలక్ష్మి.

"హోటలుకా? ఎందుకు?"

"తినేదానికి."

గోపాలస్వామి భార్య వట్టికాళ్లను చూశాడు, చెల్లెలి మొహం చూశాడు. ఆ మొహంలో తాను పొద్దుటినుంచి భయపడిందేదీ కనపడలేదు. ఊపిరి వదిలాడు. తర్వాత కాస్త చిన్నబుచ్చుకున్నట్టు, "నన్ను పిలవలేదే," అన్నాడు.

"ఆడ ఇద్దరికే బల్ల," అంది కన్యక.

ప్రీతికి మాత్రం అర్థం కాలేదు. అత్తను పక్కకు లాగి, "ఆయన్ని చూసినావా? ఎట్లా ఉండాడు? ఏడ్చినాడా?" అని అడిగింది. "కళ్లద్దాలు నెత్తిన పెట్టుకోని వెతుక్కుంటా ఉండాడే," అని కన్యక చెబితే, ఆ పిల్ల ఇంతేనా అన్నట్టు చూసి, ప్రేమకథ మీద ఆశ వదులుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో పెద్దగా ఏమీ మారలేదు, చిన్నగా చాలా మారింది. గోపాలస్వామి నెలకొక ఆదివారం భార్యను బయటికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. మొదటిసారి అలవాటు కొద్దీ అందరికీ ఇడ్లీ అన్నాడట. "నాకొద్దు," అని రాజలక్ష్మి కార్డు తీసుకుందట. ఆయన బిత్తరపోయి, "నీకేం కావాలో చెప్పు మరి," అన్నాడట. ఆ మాట ఇంటికి వచ్చి రాజలక్ష్మి కన్యకకు మూడుసార్లు చెప్పింది. ఆ ఏడే కన్యకకు ఇంకొక సంబంధం వచ్చింది. భార్య పోయిన మనిషి, రాయపురంలో బియ్యం మండీ, మర్యాదస్తుడు. ఈసారి అన్నయ్య తానే మిద్దె ఎక్కి వచ్చి, "నీకేమనిపిస్తా ఉండాది?" అని అడిగాడు. కన్యక రెండు రోజులు నిజంగానే ఆలోచించింది. వద్దంది. ఆయన తలూపి కిందికి దిగిపోయాడు. ఆ సంగతి అంతటితో అయిపోయింది.

ఎండాకాలం సెలవుల్లో వీధిలోని ఆడవాళ్లు నలుగురైదుగురు కేకులు నేర్పమని అడిగారు. కన్యక మిద్దె మీద తాటాకు పందిరి వేయించింది. మొదటి రోజు అందరికంటే ముందొచ్చి కూర్చున్నది రాజలక్ష్మి, వంటింటికి గొళ్లెం పెట్టి మరీ. ఎంత చెప్పినా వినకుండా సోడా ఎక్కువ వేశారు, ఓవెన్ మూత ఊరికే తీసి తీసి చూశారు. కేకు నడుమ గుంట పడిపోయింది. ఏం చేద్దామంటే, ఆ గుంటలో మామిడిపళ్ల ముక్కలు పోయమంది కన్యక. పోసి, చుట్టూ కూర్చుని, చెంచాలతో గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు.